మైనస్ ఏడు పెద్దదా, మైనస్ మూడు పెద్దదా?

ఈ రోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్, అందులో సిగ్నల్ స్ట్రెంగ్త్. కొన్ని ఫోన్లలో ఇది ఇంకో చోట ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ అని వెతికి చూడండి. అక్కడ మైనస్ గుర్తుతో ఒక అంకె, పక్కన డీబీఎం అని కనిపిస్తుంది. దొరికిందా?

నేనిప్పుడు మా మామిడి తోటలో కూర్చుని మాట్లాడుతున్నాను, నూజివీడు దగ్గర. ఈ చెట్ల కింద నా ఫోన్ -112 చూపిస్తోంది. పొద్దున్న రోడ్డు మీద టీ కొట్టు దగ్గర చూస్తే -84 ఉంది. ఇప్పుడు చెప్పండి, సిగ్నల్ ఎక్కడ బావున్నట్టు?

ఇదే ప్రశ్న నా ఫ్రెండ్‌ని అడిగాను. వాడూ నాతోపాటే బీటెక్ చేశాడు. "నూట పన్నెండు కదా, తోటలోనే ఎక్కువ" అన్నాడు. మూడు సెకన్లాగి నాలిక్కరుచుకున్నాడు. జవాబు రోడ్డు మీదే. -84 అనేది -112 కన్నా పెద్ద సంఖ్య. డీబీఎంలో 0 అంటే ఒక మిల్లీవాట్ పవర్. అక్కడి నుంచి 10 తగ్గిన ప్రతిసారీ పవర్ పదో వంతు అవుతుంది. అంటే -112 దగ్గర ఉన్నది -84 దగ్గర ఉన్నదాంట్లో దాదాపు ఆరు వందల్లో ఒక వంతు అనుకోండి. అందుకే ఈ వీడియో అప్‌లోడ్ చెయ్యడానికి నేను టీ కొట్టు దాకా వెళ్లాలి.

బీటెక్ చదివినవాడే ఒక్క క్షణం తడబడ్డాడు. మరి ఆరో తరగతి పిల్ల తడబడితే తప్పేముంది? ఈ రోజు టాపిక్ అదే. ధన, ఋణ పూర్ణ సంఖ్యల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అనేది పిల్లలకి ఎలా చెప్పాలి? మీలో చాలామందికి ఇంట్లో తమ్ముడో, చెల్లో, మేనకోడలో ఉంటారు. "అన్నయ్యా, ఇది చెప్పు" అని పుస్తకం పట్టుకుని వస్తారు. వాళ్ల కోసమే ఈ ఎపిసోడ్.

నాకిది ఎలా తగిలిందో చెప్తాను. పోయిన వేసవిలో మా అక్క కూతురు సెలవులకి మా ఊరు వచ్చింది. ఇంట్లో అందరం అమ్ములు అంటాం. అప్పుడే ఆరో తరగతి అయిపోయింది. కోత టైమ్ కదా, ఇంటి నిండా రసాలు. ఒక చేత్తో రసం పీలుస్తూ రెండో చేత్తో బ్యాగులోంచి ఒక టెస్ట్ పేపర్ తీసి నా ముందు పడేసింది. పదికి నాలుగు. "నాకు లెక్కలు రావు మావయ్యా. నేను సైన్స్ చదువుకుంటా" అంది. లెక్కలు లేకుండా సైన్స్ ఏంటమ్మా అని నవ్వు వచ్చింది కానీ, ఆ మొహం చూసి నవ్వలేదు. పదకొండేళ్లకే ఒక పిల్ల తన గురించి తాను తీర్పు రాసేసుకుంది. అది చిన్న విషయం కాదు.

పేపర్ చూశాను. తప్పుల్లో మూడు నాకు బాగా గుర్తున్నాయి.

ఒకటి: -7, -3. వీటి మధ్య > గుర్తు పెట్టింది. అంటే -7 పెద్దదని.

రెండు: -2, 5. ఇక్కడా > పెట్టింది. అంటే -2 అనేది 5 కన్నా పెద్దదని!

మూడు: 0, -4. ఇక్కడ < పెట్టింది. సున్నాయే చిన్నదని.

మొదటిది అర్థమవుతుంది, 7 పెద్దది కాబట్టి -7 పెద్దదనుకుంది. కానీ రెండోది ఏంటి? అడిగితే చెప్పింది. మొదటి లెక్క రాశాక పక్కనున్న పిల్ల ఒక కిటుకు చెప్పిందట, "మైనస్ కనపడితే జవాబు తిరగెయ్యి" అని. 2 కన్నా 5 పెద్దది, మైనస్ ఉంది, తిరగేసింది. అంతే, -2 పెద్దదైపోయింది. మూడోది ఇంకా బావుంది. "సున్నా అంటే ఏమీ లేదు కదా మావయ్యా. ఏమీ లేనిదానికన్నా చిన్నది ఎలా ఉంటుంది?"

చూశారా, ఈ మూడింట్లో ఒక్కటి కూడా బుద్ధి లేక చేసిన తప్పు కాదు. మూడింటి వెనకా ఒక ఆలోచన ఉంది. ఆ ఆలోచనని పట్టుకోకుండా మళ్లీ ఇంకో కిటుకు చెప్తే ఏమవుతుంది? రేపు కూడికలు, తీసివేతలు వస్తాయి. ఆ తర్వాత సమీకరణాలు, గ్రాఫులు. కిటుకు మీద కిటుకు పేర్చుకుంటూ పోతారు, ఒకరోజు మొత్తం కూలిపోతుంది.

నేను అప్పుడు పాఠం చెప్పలేదు. అరుగు మీద నాన్న తోట లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. ఆ పుస్తకం అడిగి తీసుకున్నాను. మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉంటుంది. దున్నకం ఎంత, పూత మీద తేనెమంచు పురుగుకి మందు ఎంత, కోత కూలి ఎంత, మార్కెట్‌కి కిరాయి ఎంత, కమీషన్ పోను చేతికి ఎంత. మామిడి ఏడాది విడిచి ఏడాది బాగా కాస్తుంది కదా, అందుకే లెక్కలు ఒక ఏడు పైకి, ఒక ఏడు కిందికి ఉంటాయి. పాత పేజీల్లోంచి ఐదేళ్లు ఏరి అమ్ములుకి చెప్పాను. ఒక ఏడు 60 వేలు లాభం. ఒక ఏడు 20 వేలు నష్టం. ఒక ఏడు 15 వేలు లాభం. ఒక ఏడు 50 వేలు నష్టం. ఒక ఏడు పెట్టినది పెట్టినట్టు వచ్చింది, లాభం లేదు, నష్టం లేదు.

"ఇప్పుడు చెప్పమ్మా, తాతయ్యకి ఏ ఏడు బాగా బావుంది, ఏ ఏడు బాగా ఇబ్బంది? వరసగా చెప్పు."

పెన్ను కూడా పట్టుకోలేదు. 60 వేల లాభం మొదటిది, తర్వాత 15 వేల లాభం, తర్వాత ఏమీ రాని ఏడు, తర్వాత 20 వేల నష్టం, అన్నిటికన్నా అన్యాయం 50 వేల నష్టం. పది సెకన్లలో చెప్పేసింది.

"ఏమీ రాని ఏడు కన్నా 20 వేలు నష్టం వచ్చిన ఏడు ఎందుకు కింద పెట్టావు?"

"ఏమీ రాకపోతే పోయింది, అప్పు కాలేదుగా!"

పక్కనుంచి నాన్న అందుకున్నారు. "సున్నా వచ్చిన ఏడు మీ అమ్మమ్మ పాయసం చేసిందే. అంతకు ముందేడు చూశాక సున్నా మాకు పండగే."

అప్పుడు పేపర్ మీద రాయమన్నాను. లాభానికి ప్లస్, నష్టానికి మైనస్. 60, 15, 0, -20, -50. రాసింది. రాసి కాసేపు దాన్నే చూసింది. "మావయ్యా, ఇదీ అదీ ఒకటేనా?" అంది, టెస్ట్ పేపర్ చూపిస్తూ. ఒకటేనమ్మా. నీకు ఇది ముందే వచ్చు. ఆ పరీక్షలో అడిగింది ఇదేనని నీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక్కడ ఒక్క విషయం ఆగి ఆలోచిద్దాం. వచ్చిన లెక్క పరీక్షలో ఎందుకు తప్పింది? నా ఉద్దేశంలో కారణం మన మాటల్లో ఉంది. 'పెద్ద', 'ఎక్కువ' అనే మాటలు మనం ఎలా వాడతామో చూడండి. 50 వేల అప్పుని ఏమంటాం? పెద్ద అప్పు అంటాం. ఐదు వందల అడుగుల బోరుని? లోతు ఎక్కువ అంటాం. బాగా చలేస్తే? చలి ఎక్కువ అంటాం. అప్పు, లోతు, చలి, ఇవన్నీ సున్నాకి కింద ఉన్నవే. కానీ సున్నా నుంచి దూరం పెరిగితే మనం 'ఎక్కువ' అంటున్నాం. ఆ పిల్ల -7 పెద్దది అందంటే, 'పెద్ద అప్పు' అనే అర్థంలో అంది. తెలుగు మాట్లాడినంతవరకు తను రైటే. లెక్కల పుస్తకం అడిగిన ప్రశ్న వేరు, తను జవాబు చెప్పిన ప్రశ్న వేరు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒకటే. పిల్లలకి రెండు ప్రశ్నలు విడదీసి నేర్పించండి.

మొదటి ప్రశ్న: సున్నా నుంచి ఎంత దూరం?

రెండో ప్రశ్న: సంఖ్యారేఖ మీద ఎవరు కుడి పక్కన ఉన్నారు?

-7, -3 తీసుకోండి. మొదటి ప్రశ్నకి జవాబు -7, అది సున్నాకి ఏడు అడుగుల దూరంలో ఉంది. రెండో ప్రశ్నకి జవాబు -3, అది కుడి పక్కన ఉంది. లెక్కల్లో 'పెద్దది' అంటే ఎప్పుడూ రెండో ప్రశ్నే. > గుర్తు, < గుర్తు అడిగేది రెండో ప్రశ్నే. మొదటిదానికి వేరే పేరుంది, పరమ మూల్యం అంటారు. అది తర్వాత తరగతుల్లో వస్తుంది. పేరు ఇప్పుడే అక్కర్లేదు, తేడా మాత్రం ఇప్పుడే తెలియాలి.

ఈ తప్పు నేనూ చేశాను, అదీ ఉద్యోగంలో. మొదటి కంపెనీలో చేరిన కొత్తలో ఒక పని ఇచ్చారు. ఖాతాల లిస్టు ఉంటుంది, ఎవరి బ్యాలెన్స్ అన్నిటికన్నా తక్కువో వాళ్లు పైన కనపడాలి. స్క్రీన్ మీద మైనస్ బదులు ఎర్ర రంగు చూపించమన్నారు. నేను ముందు మైనస్ తీసేసి, తర్వాత వరస పెట్టాను. ఏమైంది? 50 వేలు బాకీ ఉన్నవాళ్లు లిస్టు అడుగుకి పోయారు, 50 వేలు దాచుకున్నవాళ్ల పక్కన కూర్చున్నారు. మా సీనియర్ అక్క కోడ్ చూసి ఒకే మాట అంది: "నిన్ను అడిగింది ఎక్కడున్నారని, నువ్వు చెప్పింది ఎంత దూరమని." ఆ మాట అప్పుడు సిగ్గుగా అనిపించింది. అమ్ములు పేపర్ చూశాక అర్థమైంది, ఆరో తరగతి పాఠమే అది.

కంప్యూటరే తప్పు చేస్తుంది, తెలుసా? సీ లాంగ్వేజ్ నేర్చుకునేవాళ్లు ఇది ట్రై చెయ్యండి. మామూలు ఇంట్ లో -1 పెట్టండి, అన్‌సైన్డ్ ఇంట్ లో 1 పెట్టండి. మొదటిది చిన్నదా అని అడగండి. కాదు అంటుంది! ఎందుకంటే పోల్చే ముందు -1 ని కూడా అన్‌సైన్డ్‌గా మార్చేస్తుంది. 32 బిట్లలో అది 4294967295 అయిపోతుంది. గుర్తు పోగొట్టుకుని పోలిస్తే ఎవరైనా ఇంతే.

సరే, ఇప్పుడు పేర్ల సంగతి. మన పుస్తకాల్లో ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అంటారు. ధనం అంటే డబ్బు, ఋణం అంటే అప్పు. రుణమాఫీలో ఉన్న రుణం ఇదే. ఇవి ఊరికే పెట్టిన పేర్లు కావు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతం రాశాడు. అందులో ధనం, ఋణం, శూన్యం, ఈ మూడింటినీ ఎలా కలపాలో, ఎలా తీసెయ్యాలో, ఎలా గుణించాలో సూత్రాలు ఇచ్చాడు. అంతకన్నా ముందే చైనాలో పుల్లలతో లెక్కలు చేసేవారు. ధన సంఖ్యకి ఎర్ర పుల్ల, ఋణ సంఖ్యకి నల్ల పుల్ల. ఇప్పుడు నష్టాన్ని ఎర్రగా చూపిస్తున్నాం కదా, వాళ్లది సరిగ్గా రివర్స్ అన్నమాట. విషయం ఏంటంటే, తెలుగు మీడియం పిల్లలకి జవాబు పేరులోనే ఉంది. పాఠం మొదలుపెట్టేటప్పుడు "ఋణం అంటే ఏంటమ్మా?" అని ఒక్క నిమిషం అడగండి చాలు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇంటీజర్స్, నెగెటివ్ అని నేర్చుకుంటారు. వాళ్లకైతే ఈ మాట ఇంకా ముఖ్యంగా చెప్పాలి.

ఇక సున్నా ప్రశ్న. ఏమీ లేనిదానికన్నా చిన్నది ఎలా ఉంటుంది? ఈ అనుమానం అమ్ములు ఒక్కదానిదే కాదు. యూరప్‌లో పెద్ద పెద్ద గణితజ్ఞులు వందల ఏళ్లు దీనితో కుస్తీ పట్టారు. 17వ శతాబ్దంలో ఆంటొయిన్ ఆర్నో అనే ఫ్రెంచి ఆయన ఇలా అడిగాడు: 1 కి -1 కి ఉన్న నిష్పత్తి, -1 కి 1 కి ఉన్న నిష్పత్తి, రెండూ సమానం అంటున్నారు. -1 చిన్నదైతే, పెద్దదానికి చిన్నదానికి ఉన్న సంబంధం, చిన్నదానికి పెద్దదానికి ఉన్న సంబంధం ఒకటే ఎలా అవుతాయి? మంచి ప్రశ్న కదా! చూడండి, ఇక్కడా మన రెండు ప్రశ్నలే కలిసిపోయాయి. సున్నా నుంచి దూరం అడిగితే 1, -1 సమానమే. ఎవరు కుడి పక్కన అంటే 1. ఇన్నిసార్లు పెద్దది అనే లెక్క ధన సంఖ్యల మధ్య బాగానే నడుస్తుంది, సున్నా దాటాక నడవదు.

దీనికి దారి చూపించినవాళ్లలో ఇంగ్లండ్‌కి చెందిన జాన్ వాలిస్ ఒకడు. 1685లో వచ్చిన తన బీజగణితం పుస్తకంలో ఒక మనిషిని నడిపించాడు. ఐదు గజాలు ముందుకి వెళ్లి, ఎనిమిది గజాలు వెనక్కి వస్తే ఎక్కడున్నాడు? బయల్దేరిన చోటుకి మూడు గజాలు వెనక. అదే -3. అంటే సున్నా అనేది 'ఏమీ లేదు' కాదు, బయల్దేరిన చోటు. అక్కడి నుంచి అటూ ఇటూ చోట్లు ఉన్నాయి. ఇది అర్థమైతే సున్నాకన్నా చిన్నది ఉండటంలో వింత లేదు.

అందుకే మేము కూడా నడిచాం. మర్నాడు పొద్దున్నే వాకిట్లో ముగ్గుతో ఒక పొడవైన గీత గీశాం. మధ్యలో సున్నా. కుడి పక్కకి అడుగుకొకటి 1 నుంచి 10, ఎడమ పక్కకి -1 నుంచి -10. పక్కింటి పిల్లలు ముగ్గురు వచ్చారు. మీరూ చెయ్యాలనుకుంటే వరస చెప్తాను, అరగంట చాలు.

ముందు, చీటీల మీద సంఖ్యలు రాసి ఇద్దరికి చెరొకటి ఇవ్వండి. వాళ్ల వాళ్ల చోట నిలబడాలి. ఇద్దరూ కుడి పక్కకే చూడాలి. ఎవరు ముందుంటే వాళ్ల సంఖ్య పెద్దది. అంతే, ఇంకో రూల్ లేదు. మొదట రెండూ ధన సంఖ్యలు ఇవ్వండి, తర్వాత ఒకటి ధన, ఒకటి ఋణ. ఆ తర్వాత సున్నాతో ఒక ఋణ సంఖ్య. రెండూ ఋణ సంఖ్యలైనవి అన్నిటికన్నా చివర. మనం సాధారణంగా అదే ముందు ఇచ్చి భయపెడతాం.

రెండోది, రెండు ప్రశ్నలూ అడగండి. "సున్నాకి దూరం ఎవరు? పెద్దది ఎవరు?" -7 మీద ఉన్నవాడు మొదటిదానికి చెయ్యెత్తాలి, -3 మీద ఉన్న అమ్మాయి రెండోదానికి చెయ్యెత్తాలి. ఒకే మనిషి రెండిటికీ చెయ్యెత్తే సందర్భాలు కూడా ఇవ్వండి, 8, 2 లాంటివి. ధన సంఖ్యల్లో ఎప్పుడూ రెండు జవాబులూ ఒకటే వస్తాయి. ఐదేళ్లు అవే చేశారు కాబట్టి పిల్లలకి అవి రెండు ప్రశ్నలని తెలియదు. తెలిసే అవసరమూ రాలేదు. ఋణ సంఖ్యల్లోకి వచ్చాకే విడిపోతాయి.

మూడోది, ఎందుకో చెప్పించండి. -7 మీద నిలబడినవాడు -3 దాకా నడవాలంటే ఎటు నడవాలి? కుడికి నాలుగు అడుగులు. అంటే -7 కి 4 కలిపితే -3 వచ్చింది. కలిపితే వచ్చేది పెద్దదే కదా! 50 వేల నష్టంలో ఉన్నవాడికి 30 వేలు చేతికొస్తే 20 వేల నష్టంలోకి వస్తాడు. ఇంకా నష్టమే, కానీ ముందుకన్నా నయం. ఇది చెప్పగలిగిన పిల్లలకి తిరగేసే కిటుకుతో పనిలేదు.

నాలుగోది, గీతని నిలబెట్టండి. మాకు నుయ్యి ఉంది, నూతి గట్టు సున్నా అనుకున్నాం. గట్టుకి కింద 20 అడుగుల్లో నీళ్లుంటే -20, ఎండాకాలం 35 అడుగులకి దిగితే -35. నీటి మట్టం ఎప్పుడు పెద్దది? -20 అప్పుడు. లోతు ఎప్పుడు ఎక్కువ? -35 అప్పుడు. ఈ ఒక్క నూతి దగ్గర రెండు ప్రశ్నలూ కళ్లకి కనిపిస్తాయి.

అమ్ములు చాలా సేపు గెలిచింది. ఒక్కసారి ఆగిపోయింది, -2, 5 చీటీలు వచ్చినప్పుడు. ముందు తిరగెయ్యబోయి, గీత చూసి, "5 అక్కడెక్కడో ఉంది కదా" అని తనలో తానే నవ్వుకుంది. ఆ కిటుకు అక్కడితో పోయింది.

ఇప్పుడు కొంచెం బయటి ప్రపంచంలోకి వెళ్దాం. పిల్లలకి ఒకే ఉదాహరణ చెప్తే అదే కిటుకైపోతుంది. అందుకే రకరకాలుగా అడగండి.

మామిడి గుజ్జుని గడ్డకట్టించి దాచేటప్పుడు -18 డిగ్రీలు, లేదా అంతకన్నా తక్కువలో ఉంచాలంటారు. మీటర్ -10 చూపిస్తోంది. ఫరవాలేదా? 10 అనేది 18 కన్నా తక్కువే కదా అనుకుంటే సరుకు పాడైనట్టే. -10 పెద్దది, అంటే వెచ్చన. భూమి మీద కొలిచిన అతి తక్కువ ఉష్ణోగ్రత -89.2 డిగ్రీలు, 1983 జూలై 21న అంటార్కిటికాలోని వోస్తోక్ స్టేషన్‌లో. ఆ రోజు అక్కడి మనిషి గుజ్జు దాచే ఫ్రీజర్‌లో దూరితే 70 డిగ్రీల పైన వెచ్చగా ఉండేది!

చంద్రయాన్-3 మన శ్రీహరికోట నుంచే 2023 జూలై 14న వెళ్లింది. ఆగస్టు 23న దిగింది. దిగాక చంద్రుడి నేలలోకి థర్మామీటర్ దింపితే, పైన సుమారు 50 డిగ్రీలు, 8 సెంటీమీటర్ల లోపల సుమారు -10. మన జానెడు కూడా లేని లోతులో సున్నా దాటేసింది.

క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లలైతే నెట్ రన్ రేట్ అడగండి. 2024 ఐపీఎల్‌లో నాలుగు జట్లకి 14 పాయింట్లే వచ్చాయి. బెంగళూరు 0.459, చెన్నై 0.392, ఢిల్లీ -0.377, లక్నో -0.667. పూర్ణ సంఖ్యలు కావు, కానీ గీత అదే. చివరి ప్లేఆఫ్ చోటు బెంగళూరుకి వెళ్లింది. ఇక ఢిల్లీ, లక్నోల్లో ఎవరు పైన? అంకె చూస్తే లక్నో, గీత చూస్తే ఢిల్లీ. టేబుల్‌లో ఢిల్లీ ఆరు, లక్నో ఏడు. ఏ పిల్లాడూ దీన్ని తప్పు చెప్పడు, ట్రై చెయ్యండి.

జేఈఈ మెయిన్ రాసే తమ్ముళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ. రైట్‌కి 4, తప్పుకి -1. అన్నీ వదిలేసినవాడికి 0, ఊహించి పది తప్పులు పెట్టినవాడికి -10. ఎవరి ర్యాంకు మెరుగు? ఏమీ రాయనివాడిదే.

టీచింగ్‌లో ఒక జాగ్రత్త మాత్రం చెప్పి ముగిస్తాను. అప్పు ఉదాహరణ బాగా పనిచేస్తుంది. కానీ అది కొన్ని ఇళ్లలో నిజమైన అప్పు. ఆ -50 ఏడు గాలివానకి కాయంతా నేల పాలైంది. నేనప్పుడు బీటెక్‌లో ఉన్నాను. నా ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టారని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ పుస్తకంలో -50 చూస్తే నాకు రెండు ప్రశ్నలూ గుర్తొస్తాయి. సంఖ్యారేఖ మీద అది అన్నిటికన్నా చిన్నది. మా ఇంట్లో అది అన్నిటికన్నా పెద్దది. అందుకే క్లాసులో ఎవరినీ "మీ ఇంట్లో అప్పెంత?" అని అడగకండి. నూతి మట్టం, ఫోన్ సిగ్నల్, రన్ రేట్, ఇవి ఉన్నాయి కదా. పిల్లలే తమంతట తాము ఇంటి లెక్క చెప్తే మాత్రం వినండి.

ఇంకో మాట. "-7 పెద్దది" అన్న పిల్లని "తప్పు" అనే ముందు "ఎందుకలా అనుకున్నావు?" అని ఒక్కసారి అడగండి. జవాబులో తెలివే ఉంటుంది, వేరే ప్రశ్నకి.

వెళ్లే ముందు మీకు హోంవర్క్. -15, 4, 0, -1, -9, 11. చిన్నదాని నుంచి పెద్దదాకా వరస పెట్టండి. తర్వాత అవే సంఖ్యల్ని సున్నాకి దగ్గర నుంచి దూరం దాకా వరస పెట్టండి. రెండు వరసలూ కామెంట్‌లో రాయండి. రెండూ ఎందుకు వేరో ఇంట్లో ఉన్న ఆరో తరగతి వాళ్లకి చెప్పి, వాళ్లేమన్నారో కూడా రాయండి.

అమ్ములు ఇప్పుడు ఏడో తరగతి. మొన్న ఫోన్ చేసి "మావయ్యా, ఈ ఏడు తోట లెక్క ఎంత?" అని అడిగింది. ఇంకా కోత అవలేదమ్మా, తేలలేదు అన్నాను. ఈ వారం వచ్చినప్పుడు నాన్న పుస్తకం తీసి, ఈ ఏడు పేజీ మీద ఒక ఖాళీ గడి గీసింది. గడి ముందు -20 < అని రాసింది. "కనీసం ఇది ఖాయం తాతయ్యా" అంది. నాన్న కళ్లద్దాలు సవరించుకుని, ఆ -20 కొట్టేసి 15 వేశారు.

వచ్చే ఎపిసోడ్‌లో ఋణ సంఖ్యల కూడికలు చూద్దాం. అంతవరకు సెలవు. నేను సిగ్నల్ కోసం రోడ్డు మీదకి వెళ్తున్నాను. -112 నుంచి -84 కి, అంటే పైకే!